వాడనివారి అభిప్రాయం

చింతలకోట విశ్వవిద్యాలయానికి రెండువేల ట్యాబులు వచ్చి ఏడు నెలలైంది. వాటిని పధ్నాలుగో నంబరు గదిలో పెట్టి, తలుపుకి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్కముద్ర కొట్టారు. పైన "డిజిటల్ అభ్యసన కేంద్రం" అని బోర్డు తగిలించారు. ఈ ఏడు నెలల్లో ఆ కేంద్రంలోకి వెళ్లి వచ్చినది ఒక్క ఉడుత. అదీ కిటికీ రెక్క విరిగినచోట సందు దొరికి.

ఎనిమిదో నెలలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది.

"చదువులో డిజిటల్ సాంకేతికతను ఉపయోగించుటపై విద్యార్థుల అభిప్రాయ సేకరణ. ప్రతి విద్యార్థియు తన స్వేచ్ఛాయుతమైన అభిప్రాయమును నిర్బంధముగా సమర్పించవలెను. సమర్పించనివారికి హాల్ టికెట్ ఇవ్వబడదు."

తాయారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాక కాదు, రెండోసారి ఇంకా బాగుంటుందని.

తాయారుకి నలభై రెండేళ్లు. ఎమ్మే ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టరు. కూతురు డిగ్రీలో చేరిన ఏడాదే తనూ వచ్చి ఇక్కడ చేరింది. క్లాసులో పిల్లలు మామూలు రోజుల్లో ఆంటీ అంటారు, నోట్సు కావలసిన రోజుల్లో అక్కా అంటారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇప్పుడు అందరికీ అక్కే.

ఈ పరీక్ష ఆవిడకి ఊరికే సరదా కాదు. ఊళ్లో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు గారు ఖచ్చితంగా చెప్పారు: "జూన్ ఒకటో తారీఖుకి ఎమ్మే పాసైన కాగితం తెచ్చుకోండమ్మా, ఎకనామిక్స్ క్లాసులు మీవే. రెండో తారీఖున తెస్తే మాత్రం వేరేవాళ్లవి." ఇరవై ఏళ్లుగా ఇంట్లో అందరికీ అన్నీ నేర్పిన మనిషికి, బల్ల ముందు నిలబడి, సుద్దముక్క పట్టుకుని, మాట వినే అలవాటున్న నలభైమందికి నేర్పాలని ఉండటంలో వింతేముంది?

మూడు సెమిస్టర్లూ ఫస్టు క్లాసులో గట్టెక్కింది. నాలుగోదానిలో ఎకనామెట్రిక్స్ ఉంది. ఆ పాఠం చెప్పే మేష్టారు రిటైరై రెండేళ్లు దాటింది. ఆయన కుర్చీ ఉంది, ఆయన పేరుతో టైంటేబుల్లో గంట ఉంది, ఆ గంటలో పిల్లలు కాంటీనుకి వెళ్లే ఆనవాయితీ ఉంది. తాయారు మాత్రం ఆ పాఠాన్ని ఇంట్లోనే సంపాదించుకుంది. పొద్దున్నే చేటలో కందిపప్పు పోసుకుని, ఫోనుని ఉప్పుడబ్బాకి ఆనించి, ఎవరో ఎక్కడో చెప్పిన వీడియో పాఠాలు వింటూ మెరిగలు ఏరుకునేది. మిగిలింది ఆరూ నలభై బస్సులో వినేది. అలా ఒక్కో మెరిగా పోయి, ఒక్కో సూత్రమూ వచ్చి చేరింది.

కాబట్టి అభిప్రాయపత్రం చేతికి రాగానే ఆవిడకి హుషారొచ్చింది. నిజంగానే ఒక అభిప్రాయం ఉంది మరి.

పత్రంలో ప్రశ్న ఒకటే. "డిజిటల్ సాంకేతికత వలన మీ చదువు: (అ) చాలా మెరుగైనది. (ఆ) మిక్కిలి మెరుగైనది. (ఇ) ఊహించనంత మెరుగైనది."

తాయారు మూడింటినీ వదిలేసి అడుగున ఖాళీలో రాసింది: "ఫోనులో పాఠం అర్థమవుతోంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి వినవచ్చు, విసుక్కోదు. కాని బస్సు వంతెన ఎక్కితే సిగ్నల్ పోయి పాఠం ఆగిపోతుంది. లెక్క తప్పు చేస్తే తప్పని చెప్పదు. పక్కన మేష్టారు కూడా ఉంటే బాగుండును. పధ్నాలుగో గదిలో ట్యాబులు నేను చూడలేదు, వాటి సంగతి తెలియదు."

నాలుగో రోజుకి ఆ పత్రం తిరిగొచ్చింది. మీద ఎర్రసిరాతో ఒకే ఒక్క మాట: "పక్షపాతము."

* * *

పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు సోమరాజు గారు ముప్పయ్యేళ్లుగా ఒకే కిటికీ వెనక కూర్చుంటున్నారు. ఇబ్బందుల్ని ఆయన పెంచరు, తగ్గించరు. పక్కగదికి పంపుతారు.

"డీన్ గారిని కలవండమ్మా. అభిప్రాయ వ్యవహారాల డీన్ గారు. కొత్తగా వేశారు."

"అభిప్రాయాలకి కూడా డీనా అండీ?"

"రెండువేలమంది అభిప్రాయాలమ్మా. వాటిని వాటి మానాన వదిలేస్తే ఏమైపోతాయి?"

డీన్ ప్రొఫెసర్ చక్రధరం గారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని మాట్లాడతారు. ఎదుటి మనిషి కనిపిస్తే ఆలోచన చెదురుతుందని.

"చూడమ్మా, మీరు రాసినది చదివాను. ఇందులో మౌలికమైన లోపం ఉంది. మీరు వాడి రాశారు."

"వాడాక కదండీ రాయాలి?"

"అక్కడే సామాన్యులు పొరపడతారు. వాడినవారికి ఆ వస్తువు మీద ఇష్టమో కష్టమో ఏర్పడిపోతుంది. ఇక నిష్పాక్షికత ఎక్కడిది? కొట్లాటలో ఉన్నవాణ్ణి సాక్షిగా తీసుకుంటామా? దూరంగా నిలబడ్డవాణ్ణే కదా తీసుకుంటాం!"

"దూరంగా నిలబడ్డవాడైనా చూస్తాడండీ. ఇక్కడ చూసినవాళ్లు కూడా లేరు."

"అందుకే మా సర్వే ఇంకా ఒక మెట్టు పైన ఉంది," అన్నారు డీన్ గారు తృప్తిగా. "చూడనివారు, వాడనివారు ఇచ్చేదే స్వచ్ఛమైన అభిప్రాయం. ట్యాబులకి తాళం ఎందుకు వేశామనుకున్నారు? సర్వే పూర్తయ్యేదాకా విద్యార్థుల్ని కాపాడటానికి."

తాయారు ఇంట్లో పాలు పొంగుతున్నప్పుడు కూడా తొందరపడని మనిషి. "మరి నా హాల్ టికెట్టండీ?"

"వాడినవారికి హాల్ టికెట్ విషయమై నిబంధన ఇంకా రూపొందలేదు. ఎందుకంటే వాడినవారు ఉంటారని విశ్వవిద్యాలయం ఊహించలేదు."

* * *

నిబంధన వారంలోనే రూపొందింది. తాయారు ఒక్కతి వల్లే వచ్చిందని క్లాసంతా అనుకుంది, అది నిజమే. ఇకనుంచి అభిప్రాయంతోబాటు ప్రతి విద్యార్థీ "వాడలేదని ధ్రువపత్రం" జతచేయాలి. చదువు నిమిత్తం ఏనాడూ ఏ డిజిటల్ పరికరమూ వాడలేదని గెజిటెడ్ అధికారి సంతకం చేయాలి. దరఖాస్తులు ఆన్‌లైనులో మాత్రమే స్వీకరించబడును.

దాంతో రెండువేలమంది పిల్లలూ రెండువేల ఫోన్లు తీసి, ఫోనే ముట్టుకోలేదని ఫోనులో దరఖాస్తు పెట్టుకున్నారు. దీనిమీద ఎవరో సందేహం వెలిబుచ్చితే డీన్ గారు వెంటనే వివరణ ఇచ్చారు: "ధ్రువపత్రం కొరకు వాడిన వాడకము వాడకము కాదు. అయితే ఆ వాడకముపై ఎవరికిని అభిప్రాయము ఉండరాదు."

తాయారు పక్కన కూర్చునే ఏసుమణి హాస్టల్లో ఉంటుంది. నోరు ఊరుకోదు. మధ్యాహ్నం చెట్టు కింద టిఫిన్ డబ్బా తీసింది. అందులో పులిహోర లేదు, ఫోను ఉంది.

"తనిఖీ ఉందంటక్కా. స్క్వాడ్ తిరుగుతున్నారు. నిన్న మా బ్లాకులో ఒకణ్ణి పట్టుకున్నారు, ఫోనులో డిక్షనరీ చూస్తున్నాడంట. వాడు ఏడ్చి కాళ్లు పట్టుకుని, సినిమా చూస్తున్నానండీ, డిక్షనరీ పొరపాటున వచ్చిందండీ అంటే అప్పుడు వదిలిపెట్టారు."

"అయితే సినిమా చూస్తే ఫర్వాలేదన్నమాట."

"సినిమా చదువు కాదు గదక్కా. అభిప్రాయం పాడవ్వదు."

తనిఖీ అక్కడితో ఆగలేదు. ఫోను దాచవచ్చు కాని వేళ్లు దాచలేరని ఎవరో పెద్దలకు తట్టింది. హెల్త్ సెంటరులో బొటనవేళ్ల పరీక్ష పెట్టారు. పిల్లలు వరసలో నిలబడి రెండు బొటనవేళ్లూ చూపిస్తే, కాంపౌండరు భూతద్దం పెట్టి చూసి, వేలి మీదే "వాడనివారు" అని ముద్ర కొట్టేవాడు. ముందురోజు అందరూ వేళ్లకి వంటనూనె రాసుకుని, మర్దనా చేసుకుని మెత్తపరచుకున్నారు. హాస్టల్లో నూనె అయిపోయి కూర పోపు లేకుండా వచ్చింది. ఎమ్మెస్సీ పిల్లాడొకడు ఇంటి దగ్గర గేదెలు పితికి పితికి కాయలు కాచిన వేళ్లతో దొరికిపోయాడు. పాడి ఉందని పంచాయతీ నుంచి కాగితం తెస్తేగాని ఒప్పుకోలేదు.

ఇక వాడనివాళ్లకి అభిప్రాయం ఎలా వస్తుందన్న చిక్కు మిగిలింది. దానికి రెండురోజుల "అభిప్రాయ అవగాహన సదస్సు" పెట్టారు. నల్లబల్ల మీద సుద్దతో ట్యాబు వల్ల కలిగే పన్నెండు లాభాలు రాసి, కంఠతా పట్టించారు. ఆపైన ఎప్పుడూ ఉన్న ఆనవాయితీయే కదా అని, అభిప్రాయాన్ని కూడా రికార్డు పుస్తకంలో చేత్తో రాయమన్నారు. ఖాకీ అట్ట, ఎడమపేజీలో పెన్సిలుతో బొమ్మ, భాగాల పేర్లు, లెక్చరర్ సంతకం. బొమ్మ దగ్గర పిల్లలు ఇబ్బంది పడ్డారు. సీనియర్ల రికార్డు చూసి దింపుదామంటే ఇది మొదటి ఏడు. చివరికి పధ్నాలుగో గది విరిగిన కిటికీ దగ్గర క్యూ కట్టి, లోపల కనిపించింది కనిపించినట్టు గీసుకొచ్చారు. రెండువేల రికార్డుల్లోనూ అట్టపెట్టె బొమ్మే. పెట్టె మీద బాణం గుర్తు. భాగాల పేర్లలో "ఈ వైపు పైకి". ఏసుమణి పెట్టె మీద ఉడుతని కూడా గీసింది. దానికి రెండు మార్కులు ఎక్కువ వేశారు.

ఈ సందడిలో తాయారుకి మాత్రం చోటు లేదు. పరీక్షలు పధ్నాలుగున. హాల్ టికెట్లకి ఆఖరు తేదీ పది.

భర్త భాస్కరం ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాడు. నీటిపారుదల ఆఫీసులో పనిచేస్తాడు కాబట్టి కాగితాల గురించి ఆయనకి భయభక్తులు తక్కువ.

"వాడలేదని రాసిపారెయ్యరాదూ? ఎవడు చూడొచ్చాడు!"

"అబద్ధమాడి పరీక్ష రాసి, రేపు వెళ్లి పిల్లలకి పాఠం చెప్పనా?"

"పాఠంలో ఇది రాదుగా!"

తాయారు మజ్జిగ పోసుకుంది. పోసుకుంటూ ఆలోచించింది. జూన్ ఒకటి కళ్లముందు కదిలింది. సుద్దముక్క కదిలింది. ఆవిడా మనిషే. మర్నాడు వెళ్లి సోమరాజు గారి కిటికీ దగ్గర నిలబడింది.

"సోమరాజు గారూ, ఆ... వాడలేదని రాసిస్తే సరిపోతుందా అండీ?"

ఆయన పెద్ద రిజిస్టరు తెరిచారు. ఒక వరసలో రెండువేల చిల్లర పేర్లు. ఇంకో వరసలో ఒక్కటే పేరు.

"మిమ్మల్ని ఇందులో ఎక్కించేశామమ్మా. వాడినవారు, ఒకటి. ఇటునుంచి అటు మార్చే కాలమ్ లేదు."

"అంటే ఇక నేను ఎప్పటికీ..."

"వాడనివారు వాడినవారు కావచ్చమ్మా. వాడినవారు వాడనివారు కావడానికి విశ్వవిద్యాలయంలో ఏర్పాటు లేదు," అన్నారాయన. తర్వాత కిటికీలోంచి తల కొంచెం ముందుకి పెట్టి నెమ్మదిగా, "మా అమ్మాయి కూడా ఫోనులోనే చదువుతుందమ్మా. నేను చూడనట్టు ఊరుకుంటాను," అన్నారు.

* * *

తొమ్మిదో తారీఖున రాజధాని నుంచి పరిశీలక సంఘం దిగింది. ముగ్గురు సభ్యులు. సంఘానికి పెద్దగా ఉన్నావిడ పేరు మందాకినీదేవి. మెడలో కళ్లజోడు, చేతిలో పెన్సిలు, ముఖంలో ఏ భావమూ లేదు.

డీన్ గారు గోడ పొడుగునా పేర్చిన రెండువేల రికార్డులు చూపించారు. "నూటికి నూరు శాతం విద్యార్థులు, ఊహించనంత మెరుగైనదని ముక్తకంఠంతో వెలిబుచ్చారు మేడమ్!"

ఆవిడ నాలుగు రికార్డులు తిరగేసింది. నాలుగు అట్టపెట్టెలు చూసింది. ఉడుత దగ్గర కాస్త ఆగింది.

"బాగుంది. ఇప్పుడు వాడినవాళ్లని ఒకరిని పిలవండి. మాట్లాడతాను."

డీన్ గారు చాలా ఏళ్ల తర్వాత కళ్లు పూర్తిగా తెరిచారు.

"వాడినవారా మేడమ్?"

"ఈ సాంకేతికతతో చదువుకున్న విద్యార్థి. ఒక్కరు చాలు. మా నమూనాలో మొదటి గడి అదే. అది ఖాళీగా ఉంటే మిగతావి నింపడానికి నాకు అధికారం లేదు."

డీన్ గారు, సంఘానికి చూపడానికి వరసగా నిలబెట్టిన పిల్లల్లో ముందున్న ఏసుమణి వైపు చూశారు. ఏసుమణి రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించింది, ముద్రతో సహా. అక్కడున్న పిల్లలందరూ ఎత్తి చూపించారు. గది నిండా వాడనివారే. అప్పుడు సోమరాజు గారు వెనకనుంచి రిజిస్టరు పట్టుకుని వచ్చి, రెండో వరసలో ఉన్న ఒక్క పేరు మీద వేలు పెట్టారు.

అరగంటలో విశ్వవిద్యాలయం జీపు తాయారు ఇంటిముందు ఆగింది.

తాయారు వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో కందిపప్పు, ఫోనులో పాఠం. హాల్ టికెట్ లేకపోయినా పాఠం సగంలో ఆపడం ఆవిడకి ఇష్టం లేదు.

"తాయారమ్మ గారూ!" డీన్ గారు గేటు తీసుకుని వచ్చేశారు. వెనకాలే సోమరాజు గారు. "తక్షణం బయల్దేరాలి. విశ్వవిద్యాలయ ప్రతిష్ఠ!"

"కూర్చోండి డీన్ గారూ. మజ్జిగ తాగుతారా?"

"వ్యవధి లేదమ్మా. మీరు వాడినవారు కదా?"

"పక్షపాతం ఉందన్నారు కదండీ."

"పక్షపాతాన్ని పునఃపరిశీలించాం. అది అనుభవమని తేలింది."

తాయారు ఒక మెరిగ తీసి పక్కన పడేసింది. "హాల్ టికెట్టండీ."

"రేపు తప్పక..."

"రేపు ఆఖరు తేదీ. ఇప్పుడే ఇవ్వండి, వచ్చేస్తాను."

"సర్వరు పనిచేయడం లేదమ్మా," అన్నారు డీన్ గారు దీనంగా. "హాల్ టికెట్ అందులోంచే రావాలి. పూర్తిగా డిజిటల్ చేశాం."

"చేత్తో రాయండి. రెండువేల రికార్డులు చేత్తో రాయించారు, ఒక్క హాల్ టికెట్ రాయలేరా?"

డీన్ గారు సోమరాజు గారి వైపు చూశారు. సోమరాజు గారు అప్పటికే జేబులోంచి ఖాళీ ఫారం తీశారు. ఇంకో జేబులోంచి రబ్బరు స్టాంపు, దాని ఇంకు డబ్బా. ముప్పయ్యేళ్లుగా వాటిని ఆయన సర్వరుకి అప్పజెప్పలేదు. జీపు బానెట్ మీద పెట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. ఫొటో అంటించడానికి గమ్ము లేకపోతే తాయారు లోపలికెళ్లి నాలుగు అన్నం మెతుకులు తెచ్చింది. డీన్ గారు సంతకం పెట్టారు. స్టాంపు పడింది.

తాయారు దాన్ని గాలికి ఆరబెట్టి, చదువుకుని, మడిచి, చేట కింద పెట్టుకుని జీపెక్కింది. చేట వదలలేదు. మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పడాలి మరి.

* * *

మందాకినీదేవి అడిగింది, తాయారు చెప్పింది. పొద్దున్నే పాఠం వింటానంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుతానంది. వంతెన దగ్గర ఆగిపోతుందంది. తప్పు చేస్తే చెప్పే మనిషి కావాలంది, ఎకనామెట్రిక్స్ మేష్టారి కుర్చీ రెండేళ్లుగా ఖాళీ అంది. మాట్లాడుతూ అలవాటు కొద్దీ మెరిగలు ఏరుతూనే ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలాగే చేస్తారా?" పెన్సిలు చేటవైపు చూపించింది మందాకినీదేవి.

"ఏదండీ?"

"ఈ విధానం. వింటూ, ఏరుతూ."

"చేతులు ఖాళీగా ఉంటే నాకు బుర్ర పనిచెయ్యదండీ."

ముగ్గురు సభ్యులూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెన్సిళ్లు కదిలాయి.

నివేదిక మూడు వారాల్లో వచ్చింది. చింతలకోట విశ్వవిద్యాలయానికి రాష్ట్రంలో మొదటి స్థానం. డిజిటల్ సాంకేతికత వాడిన విద్యార్థులు: ఒకరు. వారిలో సంతృప్తి చెందినవారు: నూటికి నూరు. వినూత్న అభ్యసన పద్ధతి: చేట. మేష్టారి కుర్చీ సంగతి "ఇతరములు" కింద నమోదైంది.

* * *

తాయారు పరీక్ష రాసింది. ఎకనామెట్రిక్స్ లో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మే ముప్ఫయ్యో తారీఖున పాసైన కాగితం తీసుకోవడానికి విశ్వవిద్యాలయానికి వెళ్లింది. సోమరాజు గారు అదీ చేత్తోనే రాసి ఉంచారు, సర్వరుని నమ్ముకోకుండా.

కాగితం సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే, డిజిటల్ అభ్యసన కేంద్రం ముందు లారీ ఆగి ఉంది. కూలీలు దించుతున్నారు. చేటలు. కొత్త వెదురు చేటలు, కట్టలు కట్టలుగా, పేడతో అలికి పసుపు రాసినవి. ట్యాబు పెట్టెల్ని గోడవారకి నెట్టి వాటి పక్కనే పేరుస్తున్నారు. గుమ్మంలో సోమరాజు గారు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు.

"ఏంటండీ ఇవి?"

"రెండువేల చేటలమ్మా. వచ్చే ఏడాది నుంచి ప్రతి విద్యార్థీ పప్పు ఏరుతూనే చదవాలని ఉత్తర్వు. మీ పద్ధతే."

"మరి మేష్టారిని వెయ్యరా అండీ?"

"ఆయన ఇతరములమ్మా. ఇతరములకి ఇంకా డీన్ లేరు."

ఆఖరి కట్ట లోపలికి వెళ్లింది. కూలీలు తలుపు మూసి తాళం వేశారు. ఒకడు గుడ్డ చుడుతున్నాడు, ఇంకొకడు లక్క కరిగిస్తున్నాడు.

"మరి తాళం వేస్తున్నారేంటండీ?"

"పిల్లల అభిప్రాయాలు రావాలి కదమ్మా ముందు."

తాయారుకి నవ్వొచ్చింది. చేట బాగా అల్లారో లేదో చూద్దామని, గుమ్మం దగ్గర జారిపడ్డ ఒకదాన్ని తీయడానికి వంగింది. సోమరాజు గారు గభాల్న అడ్డం వచ్చారు.

"వద్దమ్మా, ముట్టుకోకండి," అన్నారు గొంతు తగ్గించి. "యూనివర్సిటీ మొత్తంలో చేట వాడినవారు మీరొక్కరే. మళ్లీ ఎవరైనా చూశారంటే..."

ఆయన చేతిలో రిజిస్టరు తెరిచే ఉంది. కొత్త పేజీ. రెండు వరసలు గీసి ఉన్నాయి. రెండో వరసలో అప్పుడే ఒక పేరు ఎక్కించి ఉంది.

తాయారు చెయ్యి వెనక్కి తీసుకుని, సంచిలో కాగితం ఉందో లేదో ఒకసారి తడుముకుని, బస్సుకి నడిచింది. ఎల్లుండి ఒకటో తారీఖు. సుద్దముక్కలు కాలేజీవాళ్లే ఇస్తారో, తనే కొనుక్కోవాలో అడగడం మర్చిపోయింది. ఎందుకైనా మంచిదని దారిలో ఒక డబ్బా కొనుక్కుంది. దాని మీద అభిప్రాయం ఎవరూ అడగకముందే వాడెయ్యాలని.